కూబో సినిమాలో ఆ అస్థిపంజరం గ్రాఫిక్సేనా?

నిన్న రాత్రి మారతహళ్ళిలో మా పాపతో కలిసి 2016లో వచ్చిన ‘కూబో అండ్ ది టూ స్ట్రింగ్స్’ అనే బొమ్మల సినిమా చూశాను. అందులో కూబో అనే పిల్లాడు తీగ మీటగానే రంగు కాగితాలు వాటంతటవే మడతలుపడి బొమ్మలై లేస్తుంటే ఇద్దరం కన్నార్పలేదు. ఆ పెద్ద అస్థిపంజరం మాత్రం గ్రాఫిక్సే కదండీ?

జవాబు 1: కాదండీ, ఆ సినిమా తీసిన లైకా స్టూడియోవాళ్ళు నిజంగానే కట్టారు. 16 అడుగుల బొమ్మ! కాస్త కదపడం, ఫోటో తీయడం, మళ్ళీ కదపడం. తెరమీద ఒక్క సెకనుకి 24 ఫ్రేములు.

జవాబు 2: బొమ్మల ముఖాలు త్రీడీ ప్రింటర్‌లో తీసినవి. నుదురు వేరు, నోరు వేరు. మధ్యలో పడే గీతని తర్వాత కంప్యూటర్‌లో చెరిపేస్తారు.

అడిగినవారు: ఎంత ఓపికండీ వాళ్ళకి! పాప పొద్దున్నుంచీ పాత క్యాలెండర్ కాగితాలు మడతపెడుతూనే ఉంది. రాత్రికి మళ్ళీ చూస్తున్నాం.