60 కథలూ అయిపోయాయి: హోమ్స్ కొత్త నవలల్లో ఏవి చదవాలి, ఏ వరసలో?

రావిచెట్టు:
షెర్లాక్ హోమ్స్ అనే డిటెక్టివ్ మీద ఆర్థర్ కోనన్ డాయల్ రాసిన నాలుగు నవలలూ, 56 కథలూ పూర్తయ్యాయి. తర్వాతి రచయితలు షెర్లాక్ హోమ్స్‌తో రాసిన నవలల్లో దేనితో మొదలుపెట్టాలి? కొనేముందు నాలుగు పేజీలు తిరగేసి సరుకు పోల్చుకునే గుర్తులేమైనా ఉన్నాయా? వీటిలో ఒకదాన్ని తెలుగులోకి తేవాలంటే హక్కుల సంగతేమిటి?

తూర్పుగది:
వరస చెప్పేముందు ఒక మాటండీ. హోమ్స్ చిన్నకథకు పుట్టినవాడు. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషిని చూడగానే సగం సంగతి చెప్పేస్తాడు. అలాంటివాణ్ణి నవల పొడుగునా నడపడం డాయల్‌కే కష్టమైంది. 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్'లో మొత్తం 15 అధ్యాయాలు. ఆరో అధ్యాయం మొదట్లో పాడింగ్టన్ స్టేషన్‌లో స్నేహితుడు వాట్సన్‌ని సాగనంపాక, మళ్లీ 11వ అధ్యాయం చివర గొంతు వినిపించేదాకా హోమ్స్ జాడ లేదు. 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్' రెండో భాగంలో కథ చాలావరకు అమెరికాలోని యూటాలోనే. 'ది వ్యాలీ ఆఫ్ ఫియర్' రెండో సగం అమెరికా బొగ్గు గనులకు వెళ్లిపోతుంది. ఆ జాగాను కొత్త రచయిత దేంతో నింపాడన్నదే నా మొదటి ప్రశ్న.

ఈ లెక్కన ముందు ఆంథొనీ హోరోవిట్జ్ 'ది హౌస్ ఆఫ్ సిల్క్' (2011) చదవండి. డాయల్ ఎస్టేట్ (ఆయన రచనల వ్యవహారాలు చూసేవాళ్లు) అనుమతితో వచ్చిన నవల. 1890 నవంబరులో వింబుల్డన్ నుంచి ఒక చిత్రాల వ్యాపారి బేకర్ స్ట్రీట్‌లోని హోమ్స్ ఇంటికి వస్తాడు. ఆ కేసులోంచే రెండో కేసు మొలుస్తుంది. రెండు కేసులు పెనవేయడం వల్ల ఎక్కడా సాగదీసినట్టుండదు. రెండోది మాత్రం చాలా చీకటి వ్యవహారం, చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. ఇదే రచయిత 'మోరియార్టీ' (2014) కూడా బాగుంటుంది కానీ, హోమ్స్ కోసమని కొనకండి. పరిశోధన అంతా ఇన్‌స్పెక్టర్ ఆథెల్నీ జోన్స్, ఒక అమెరికన్ నడుపుతారు.

రెండోది నికొలస్ మేయర్ 'ది సెవెన్ పర్ సెంట్ సొల్యూషన్' (1974). 'ది సైన్ ఆఫ్ ఫోర్' మొదటి అధ్యాయంలోని ఏడు శాతం కొకెయిన్ ద్రావణమే దీనికి మూలం. హోమ్స్ మత్తుకు పూర్తిగా బానిసైపోతే వాట్సన్ ఉపాయంగా వియన్నాకి, మనోవిశ్లేషణ వైద్యుడు ఫ్రాయిడ్ దగ్గరికి చేరుస్తాడు. 'ది ఫైనల్ ప్రాబ్లమ్', 'ది ఎంప్టీ హౌస్' గుర్తు లేకపోతే ముందు ఆ రెండూ మళ్లీ చదవండి, ఎందుకంటే మేయర్ వాటినే తిరగరాశాడు.

మూడోది లిండ్సే ఫే 'డస్ట్ అండ్ షాడో' (2009). కథ 1888 వైట్‌చాపెల్ హత్యల (లండన్‌లో జాక్ ది రిప్పర్ చేసినవి) చుట్టూ.

ఇత్తడి_భూతద్దం:
గుర్తుల సంగతి నేను చెప్తాను. ముందు హోమ్స్ చేసే మొదటి ఊహ చూడండి. కొలబద్దగా 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో వాట్సన్ వాళ్ల అన్నయ్య జేబుగడియారం పెట్టుకోండి. తాళంచెవి పెట్టే రంధ్రం చుట్టూ గీతలు: చేతులు వణికే తాగుబోతు కీ ఇచ్చిన గుర్తు. మూత లోపల సూదిమొనతో గీకిన నాలుగు తాకట్టు చీటీ నంబర్లు: నాలుగుసార్లు తాకట్టు పడిన గుర్తు. వస్తువు, గుర్తు, కారణం మూడూ మన కళ్లముందు ఉంటాయి. "నువ్వు నిన్న బ్రైటన్ నుంచి వచ్చావు" అనేసి కారణం చెప్పకపోయినా, ఒక్క మట్టిమరకతో సరిపెట్టినా పుస్తకం కింద పెట్టేయండి.

తర్వాత తేదీలు. 1891 మే నుంచి 1894 ఏప్రిల్ దాకా హోమ్స్ చనిపోయాడనే లండన్ నమ్మింది. ఆ మధ్యలో బేకర్ స్ట్రీట్‌లో కేసు నడిపితే రచయిత మూలం సరిగా చదవనట్టే. స్కాట్లండ్ యార్డ్‌లో (లండన్ పోలీసు కార్యాలయం) వేలిముద్రల విభాగం 1901లో పెట్టారు కాబట్టి, 1889లో పోలీసులు వేలిముద్రల కార్డులు వెతుకుతుంటే తప్పే. డబ్బు కూడా పట్టిస్తుంది: 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు, గినీ అంటే 21 షిల్లింగులు. హాన్సమ్ అనే రెండు చక్రాల అద్దె గుర్రబ్బండి ఇద్దరికి కట్టినది. ముగ్గురు, పైగా సామానుతో తాపీగా కూర్చున్నారంటే అనుమానించండి, దానికి నాలుగు చక్రాల బండి పిలవాలి.

కథ ఎవరు చెబుతున్నారో కూడా చూడండి. 60లో 56 వాట్సనే చెప్పాడు. రెండు హోమ్స్ చెప్పాడు, మిగతా రెండు బయటి గొంతు. వాట్సన్‌ని మొద్దును చేసి నవ్వించే పుస్తకం నాకు సహించదు. అతను యుద్ధం చూసిన డాక్టరు, తెలివిగలవాడు. హోమ్స్ పక్కన ఉండబట్టి చిన్నగా కనిపిస్తాడు, అంతే.

సిగర్సన్:
హోమ్స్ చనిపోయాడనుకున్న ఆ మూడేళ్లనే వాడుకున్న నవల ఒకటుంది: జమ్యాంగ్ నోర్బూ 'ది మండలా ఆఫ్ షెర్లాక్ హోమ్స్' (1999). రెండేళ్లు టిబెట్‌లో తిరిగానని, లాసా చూశానని 'ది ఎంప్టీ హౌస్'లో హోమ్స్ అన్న మాటే విత్తనం. కిప్లింగ్ నవల 'కిమ్'లోని హరీ బాబు అనే పాత్ర ఈ కథ చెబుతాడు. చివరికొచ్చేసరికి అతీంద్రియ శక్తులు దిగుతాయి, తర్కమే కావాలనుకునేవారికి అక్కడ మింగుడుపడదు. లారీ కింగ్ 'ది బీకీపర్స్ అప్రెంటిస్' (1994) మంచి నవలే కానీ కథ 1915లో మొదలవుతుంది. విక్టోరియా కాలపు పొగమంచు అందులో వెతక్కండి.

హక్కులకొస్తే, డాయల్ 1930లో పోయారు. అప్పటి మన చట్టం ప్రకారం మరణం తర్వాత 50 ఏళ్లు, అంటే 1980తో ఇక్కడ గడువు తీరింది. బ్రిటన్‌లో 2000తో తీరింది. అమెరికాలో ఆఖరి కథల మీద హక్కు 2023 జనవరి 1న తీరింది. కాబట్టి డాయల్ కథలు మీరే అనువదించినా, హోమ్స్‌తో సొంత నవల రాసినా ఎవరినీ అడగక్కర్లేదు. అయితే ఇదివరకే వచ్చిన తెలుగు అనువాదం మీద అనువాదకుడి హక్కు విడిగా ఉంటుంది, దాన్ని ఎత్తిరాయకూడదు. హోరోవిట్జ్, మేయర్ పుస్తకాలకు రాతపూర్వక అనుమతి తప్పదు. ఇంగ్లిష్ పుస్తకాన్ని మన దేశంలో అమ్మే సంస్థ దగ్గర తెలుగు హక్కు ఉంటుందని అనుకోకండి. ముందు కాపీరైట్ పేజీ చూసి, రచయిత ఏజెంటుకి రాయండి.

రావిచెట్టు:
చాలా థాంక్సండీ. అనువాదంలో ముందుగా ఎక్కడ తడబడతాం?

ఇత్తడి_భూతద్దం:
నువ్వు, మీరు దగ్గర. ఇంగ్లిష్‌లో రెండిటికీ ఒకే మాట కాబట్టి నిర్ణయం మీదే. హోమ్స్, వాట్సన్ ఒకే గదుల్లో ఉన్న స్నేహితులు, "నువ్వు" అనుకోవాలి. సాయం కోరి వచ్చినవాళ్లను "మీరు" అనాలి. పోలీసు ఇన్‌స్పెక్టర్ లెస్ట్రేడ్‌ని హోమ్స్ "మీరు" అంటేనే ఆ ఎత్తిపొడుపు పండుతుంది. ఇంకొకటి, హాన్సమ్‌ని జట్కా అనకండి. జట్కాలో తోలేవాడు ముందుంటాడు, హాన్సమ్‌లో వెనకాల ఎత్తున కూర్చుంటాడు. లోపలివాళ్లు పైకప్పులోని చిన్న తలుపు తీసి అతనితో మాట్లాడాలి. జట్కా అని రాశారంటే ఆ తలుపు దగ్గరికొచ్చేసరికి వాక్యం చిక్కుకుపోతుంది.