విమానాశ్రయానికి రైలు మార్గం: మూడు ప్రతిపాదనల్లో దేనిని అడగాలి? అనుభవాలు పంచుకోండి

తూర్పుకిటికీ

అందరికీ నమస్కారం. మా నగరం గత పదిహేనేళ్లలో విమానాశ్రయం వైపుగానే పెరిగింది. విమానాశ్రయం నగర కేంద్రానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. దానికి రైలు మార్గం వేయడానికి మూడు ప్రతిపాదనలను ప్రజల ముందుంచి అభిప్రాయాలు కోరుతున్నారు. మొదటిది కేంద్రం నుంచి టెర్మినల్ వరకు మధ్యలో ఎక్కడా ఆగని ఎక్స్‌ప్రెస్ మార్గం. రెండవది ఇప్పుడున్న మెట్రోను ఏడెనిమిది స్టేషన్లతో టెర్మినల్ దాకా పొడిగించడం. మూడవది ప్రస్తుత మెట్రో చివరి స్టేషన్‌కు, టెర్మినళ్లకు మధ్య తిరిగే చిన్న డ్రైవర్‌లేని రైలును నడపడం. ఇచ్చిన పత్రంలో గరిష్ఠ వేగం గురించి నాలుగు పేజీలున్నాయి కానీ మొదటి రైలు ఎన్ని గంటలకు బయలుదేరుతుందో ఎక్కడా లేదు. ఇలాంటి మార్గాలు వచ్చిన నగరాల్లో నివసించినవారు, వాటిని వాడినవారు ఏం గమనించారో చెబితే నా అభ్యంతరాలను సరిగ్గా రాసి ఇవ్వగలను.

పట్టాలవెంట

తూర్పుకిటికీ గారూ, ముందు వేగం లెక్కను తేల్చేద్దాం. 30 కిలోమీటర్ల దూరాన్ని సగటున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 30 నిమిషాలు, 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 22న్నర నిమిషాలు పడుతుంది. అంటే అంత ఖర్చు పెట్టి మిగిల్చుకునేది ఏడున్నర నిమిషాలు. అదే రైళ్ల మధ్య వ్యవధిని 20 నిమిషాల నుంచి 5 నిమిషాలకు తగ్గిస్తే, ప్లాట్‌ఫారంపై సగటు నిరీక్షణ 10 నిమిషాల నుంచి రెండున్నరకు పడిపోతుంది కాబట్టి, మిగిలేది సరిగ్గా అంతే సమయం. విమానం అందుకోవాలనుకునేవారికి ఈ రెండవ రకం ఆదాయే విలువైనది, ఎందుకంటే ఒక రైలు తప్పినా భయపడాల్సిన పని ఉండదు.

గరిష్ఠ వేగమే సర్వస్వం కాదనడానికి షాంఘై ఉదాహరణ అందరికీ తెలిసిందే. పుడాంగ్ విమానాశ్రయం నుంచి వచ్చే, అయస్కాంత బలంతో తేలుతూ నడిచే అయస్కాంత రైలు సుమారు 30 కిలోమీటర్లను గంటకు 430 కిలోమీటర్ల గరిష్ఠ వేగంతో ఎనిమిది నిమిషాల లోపే దాటగలిగేలా కట్టారు. కానీ అది లాంగ్‌యాంగ్ రోడ్ దగ్గర ఆగిపోతుంది, నగరం నడిబొడ్డు దాకా రాదు. అక్కడ దిగి, సామాను దింపుకుని, మళ్లీ మెట్రో ఎక్కాలి. నేను అక్కడికి వెళ్లినప్పుడు అయస్కాంత రైలులో గడిపిన సమయం కన్నా దిగి మెట్రో ఎక్కడానికి పట్టిన సమయమే ఎక్కువ.

రెండోషిఫ్టు

ఈ చర్చలో ప్రయాణికుల మాటే వినిపిస్తోంది కాబట్టి నేను రాస్తున్నాను. నేను ఒక విమానాశ్రయంలో సామాను ఎక్కించే, దించే విభాగంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. విమానమెక్కేవారు ఏడాదికి నాలుగైదుసార్లు అక్కడికి వస్తారేమో. మేము వారానికి ఆరు రోజులు వస్తాం. వెయ్యిమంది ఉద్యోగులు ఏడాదికి 300 రోజులు వచ్చి వెళితే ఆరు లక్షల ప్రయాణాలవుతాయి. పెద్ద విమానాశ్రయంలో భద్రతా సిబ్బంది, శుభ్రం చేసేవారు, దుకాణాలవారు, వంటశాలలవారు, సరుకు విభాగంవారు అందరూ కలిస్తే వేలల్లో ఉంటారు. వీరెవరినీ లెక్కలోకి తీసుకోకుండా మార్గాన్ని గీస్తే, పగటిపూట రైళ్లు సగం ఖాళీగా తిరుగుతుంటే తెల్లవారుజామున మనుషులు రోడ్డు మీద నిలబడి ఉంటారు.

మా ఊళ్లో జరిగింది అదే. రైలు వచ్చిందని సంబరపడ్డాం, కానీ తొలి రైలు టెర్మినల్ చేరేసరికి ఉదయం ఆరు దాటుతుంది. మొదటి షిఫ్టు నాలుగింటికి మొదలవుతుంది. రాత్రి షిఫ్టు ముగించుకుని అదే వేళకు బయటికి వచ్చేవారికీ రైలు ఉండదు. పైగా, రైలు వచ్చిందన్న కారణంతో అంతకుముందున్న రాత్రి బస్సును ఎత్తేశారు. రెండున్నరేళ్లు ముగ్గురం కలిసి ఒకే మోటారుసైకిలు మీద హైవే వెంట తిరిగిన రోజులు నాకు ఇంకా గుర్తున్నాయి. దయచేసి మీ అభ్యంతర పత్రంలో మొదటి రైలు సమయాన్ని అన్నిటికన్నా పైన రాయండి.

పట్టాలవెంట

రెండోషిఫ్టు గారు చెప్పినదానికి సాంకేతికంగా ఒక మాట చేర్చాలి. రాత్రి పూట రైళ్లను ఆపడానికి అసలు కారణం పట్టాల, సిగ్నళ్ల నిర్వహణ; దానికి రోజూ కొన్ని గంటలు మార్గం ఖాళీగా కావాలి. అయితే ఇది దాటలేని అడ్డంకి కాదు. కోపెన్‌హాగన్ మెట్రో 2007లో విమానాశ్రయానికి చేరింది, 2009 నుంచి రోజంతా నడుస్తోంది. రైళ్లు డ్రైవర్ లేకుండా నడిచేవి కావడం, ఒక పట్టాపై పని జరుగుతున్నప్పుడు రెండో పట్టాపై రెండు వైపులా రైళ్లను నడపగలిగేలా ముందే మార్పిడి పట్టాలు (రైలు ఒక దారి నుంచి పక్క దారిలోకి మారే చోట్లు) వేసుకోవడం అందుకు వీలు కల్పించాయి. ఆ మార్పిడి పట్టాలు ఎక్కడెక్కడ ఉండాలన్నది ఇప్పుడే, కాగితం మీద ఉండగానే నిర్ణయించాలి. కట్టేసిన తరువాత సొరంగంలో వాటిని చేర్చడం ఎంతో కష్టం.

నాలుగుపెట్టెలు

నేను ఎనభై ఏళ్లు దాటిన మా అమ్మగారితో, పెద్ద సామానుతో తరచూ ప్రయాణిస్తాను. నా అనుభవంలో ప్రయాణాన్ని పాడుచేసేది దూరం కాదు, మధ్యలో దిగి ఎక్కడం. ఒక స్టేషన్లో లిఫ్టు ప్లాట్‌ఫారం ఈ చివరన, టెర్మినల్ వైపు దారి ఆ చివరన ఉండేది. ఇంకొక చోట టికెట్ గేట్లు ఎంత ఇరుకుగా ఉన్నాయంటే పెట్టెను తలపైకెత్తి దాటాల్సివచ్చింది, అమ్మ అవతలి వైపు ఒంటరిగా నిలబడి కంగారుపడ్డారు. అందుచేత మూడో ప్రతిపాదన గురించి మీరు అడగాల్సినది ఇదే: మెట్రో దిగిన ప్లాట్‌ఫారం మీదే చిన్న రైలు ఎదురుగా ఉంటుందా, లేక రెండంతస్తులు ఎక్కి దిగాలా?

లాస్ ఏంజెలెస్‌లో 1995లో ప్రారంభమైన గ్రీన్ లైన్ అనే రైలు మార్గం విమానాశ్రయానికి చాలా దగ్గరగా వచ్చి, లోపలికి వెళ్లకుండా పక్కకు తిరిగిపోయింది. దిగినవారు షటిల్ బస్సు కోసం ఎదురుచూడాల్సివచ్చేది. ఆ లోటును పూడ్చడానికి కట్టిన కొత్త మెట్రో కేంద్రం 2025లో తెరుచుకుంది. ఆ కేంద్రం రావడానికే ముప్పై ఏళ్లు పట్టింది.

నేరుగా

నేను ఎక్స్‌ప్రెస్ పక్షాన మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. హాంకాంగ్‌లో 1998లో కొత్త విమానాశ్రయంతో పాటే ఎక్స్‌ప్రెస్ రైలు మొదలైంది. నగర కేంద్రం నుంచి 24 నిమిషాల ప్రయాణం. నగరంలోని స్టేషన్లోనే పెట్టెలు అప్పగించి, బోర్డింగ్ పాస్ తీసుకుని, సాయంత్రం దాకా చేతులు ఊపుకుంటూ తిరిగిన అనుభవం నేను మరిచిపోలేను. నాలుగుపెట్టెలు గారి ఇబ్బందికి అసలైన పరిష్కారం అదేనని నా అభిప్రాయం. అన్ని స్టేషన్లలోనూ ఆగే మెట్రోలో ఆఫీసులకు వెళ్లే రద్దీ మధ్య నాలుగు పెట్టెలతో నిలబడటం ఎవరికీ మంచిది కాదు, ఆ పక్కన నిలబడ్డ ఉద్యోగికీ మంచిది కాదు.

పట్టాలవెంట

నేరుగా గారూ, సామాను విషయంలో మీ మాట నిజం. అయితే హాంకాంగ్‌లో ఎక్స్‌ప్రెస్ ఒంటరిగా రాలేదు. అదే దారిలో తుంగ్ చుంగ్ లైన్ అనే మామూలు మెట్రోను కూడా అదే ఏడాది ప్రారంభించారు. వంతెన ఉన్న భాగంలో రెండూ అవే పట్టాలను వాడుకుంటాయి. నివాస ప్రాంతాలకు ఒక సేవ, విమానాశ్రయానికి మరొక సేవ దొరికాయి. మన మిత్రుడి నగరం రెండింటినీ ఒకేసారి కట్టగలిగితే అంతకన్నా కావాల్సిందేముంది? ఒక్కటే కట్టగలిగితే మాత్రం నేను స్టేషన్లున్న దానినే ఎంచుకుంటాను, రైలు పెట్టెల్లో తలుపుల పక్కన సామాను పెట్టుకునే చోటు ఉండాలన్న షరతుతో.

చిల్లరలెక్క

ఛార్జీల గురించి ఎవరూ ఎత్తలేదు. విమానమెక్కేవారు ఎంతైనా ఇస్తారన్న ఊహ మీద ఆదాయం అంచనాలు వేయడం చాలా చోట్ల బెడిసికొట్టింది. టొరంటోలో 2015 జూన్‌లో విమానాశ్రయ రైలు మొదలైనప్పుడు ఛార్జీ ఎక్కువగా ఉండటంతో జనం ఎక్కలేదు; 2016 మార్చిలో దానిని సగానికన్నా తక్కువ చేసిన తరువాత మధ్య స్టేషన్ల నుంచి రోజూ పనికి వెళ్లేవారు కూడా ఎక్కడం మొదలుపెట్టారు. ఢిల్లీలో 2011లో ప్రైవేటు నిర్వహణలో మొదలైన విమానాశ్రయ ఎక్స్‌ప్రెస్‌ను కట్టడంలో లోపాల కారణంగా 2012 జులైలో ఆపి 2013 జనవరిలో తిరిగి తెరిచారు. అదే ఏడాది అది ఢిల్లీ మెట్రో చేతికి వచ్చింది, ఆ తరువాత ఛార్జీలు తగ్గించాక ప్రయాణికులు పెరిగారు.

నాకు అన్నిటికన్నా పాఠం అనిపించేది సిడ్నీ. 2000లో తెరిచిన ఆ మార్గంలో నాలుగు స్టేషన్లను ప్రైవేటు సంస్థ నిర్వహించేది. మామూలు టికెట్టుపై అదనంగా స్టేషన్ రుసుము వసూలు చేసేవారు. వాటిలో రెండు విమానాశ్రయంలో ఉన్నవి కావు, నివాస ప్రాంతాల మధ్య ఉన్నవి. అయినా విమానం ఎక్కని ఆ వాడలవారు కూడా ఆ రుసుము కట్టాల్సివచ్చేది. అంచనా వేసినంతమంది రాక మొదటి ఏడాదే ఆ సంస్థ దివాలా ప్రక్రియలో పడింది. 2011లో ఆ రెండు స్టేషన్లకు ప్రభుత్వం రుసుము ఎత్తేయగానే అక్కడ ఎక్కేవారి సంఖ్య గట్టిగా పెరిగింది. ఒప్పందంలో మధ్య స్టేషన్ల ఛార్జీని ఎవరు నిర్ణయిస్తారో తూర్పుకిటికీ గారు తప్పక అడగాలి. ఉద్యోగులకు నెలవారీ పాస్ చెల్లుతుందా అన్నదీ అడగాలి.

గీతగీసినదారి

నేను పట్టణ ప్రణాళిక రంగంలో పనిచేస్తాను. నిధులు ఈ ఏడాది వస్తాయా, పదేళ్లకు వస్తాయా అన్నది ఎవరి చేతుల్లోనూ ఉండదు కానీ భూమిని ఈరోజే కాపాడుకోవచ్చు. వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయాన్ని 1962లో తెరిచినప్పుడు, దానికి వెళ్లే రహదారి మధ్యలో భవిష్యత్తులో రైలు కోసమని స్థలం వదిలిపెట్టారు. సిల్వర్ లైన్ రైలు అక్కడికి చేరింది 2022 నవంబరులో. అరవై ఏళ్ల ఆలస్యాన్ని నేను మెచ్చుకోవడం లేదు. కానీ ఆ మధ్య పట్టీని అప్పుడు వదలకపోయి ఉంటే, ఎంతో పెరిగిపోయిన ఆ శివారులో ఇళ్లు కూల్చకుండా దారి దొరికేది కాదు. అక్కడే ఇంకొక విషయం కూడా ఉంది: టెర్మినల్‌కు దగ్గరగా భూగర్భ స్టేషన్ కట్టాలన్న ఆలోచనను ఖర్చు కారణంగా 2011లో విరమించుకుని, స్టేషన్‌ను కొంత దూరంగా, నేలపైన కట్టారు. దానివల్ల ప్రయాణికులు కదిలే నడకదారులున్న సొరంగం గుండా నడిచి వెళ్తారు. ఆ నడక నాలుగుపెట్టెలు గారి అమ్మగారి వంటివారికి ఎలా ఉంటుందో ముందే ఆలోచించి, బెంచీలు, బ్యాటరీ బండ్లు ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చేమీ కాదు.

రైలు వచ్చేదాకా బస్సును చిన్నచూపు చూడకండి. న్యూయార్క్‌లో లాగార్డియా విమానాశ్రయానికి ప్రతిపాదించిన చిన్న రైలును 2023లో పక్కనపెట్టి, నిపుణుల సిఫారసు మేరకు బస్సు సేవలను మెరుగుపరచడానికే మొగ్గుచూపారు. రోడ్డుపై తనకంటూ ప్రత్యేక వరుస ఉన్న బస్సు ఏడాదిలో మొదలవుతుంది, పైగా ఏయే స్టాపుల్లో ఎందరు ఎక్కుతారో మనకు చూపిస్తుంది. రాబోయే స్టేషన్లు ఎక్కడ ఉండాలో చెప్పడానికి అంతకన్నా నమ్మకమైన లెక్క మరొకటి లేదు.

తూర్పుకిటికీ

అందరికీ ధన్యవాదాలు. మీ మాటలు చదివాక నేను రెండవ ప్రతిపాదనవైపు నిలబడాలని నిర్ణయించుకున్నాను. మొదటి రైలు సమయం, మార్పిడి పట్టాలు, మధ్య స్టేషన్ల ఛార్జీపై అధికారం, అప్పటిదాకా ప్రత్యేక వరుసలో బస్సు అనే నాలుగింటినీ రాతపూర్వకంగా కోరుతున్నాను. నేరుగా గారి మాటను గౌరవిస్తూ కేంద్రంలోని స్టేషన్లో సామాను అప్పగించే చోటుకు స్థలం కూడా అడుగుతున్నాను. రెండోషిఫ్టు గారూ, షిఫ్టులు మారే వేళల్లో సుమారు ఎంతసేపు రద్దీ ఉంటుందో చెప్పగలరా? రైళ్లు ఏ సమయంలో దగ్గరదగ్గరగా నడవాలో ఆధారంతో రాయాలనుకుంటున్నాను.

రెండోషిఫ్టు

మా దగ్గర షిఫ్టులు ఉదయం నాలుగింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, రాత్రి ఎనిమిదింటికి మారతాయి. సరుకు విభాగంవి వేరు. ప్రతిసారీ వచ్చేవారు అరగంట ముందు, వెళ్లేవారు అరగంట తరువాత కదులుతారు, ఎందుకంటే లోపలికి వెళ్లడానికి భద్రతా తనిఖీ ఉంటుంది, పని అప్పగించి బయటికి రావడానికీ సమయం పడుతుంది. కాబట్టి నాలుగింటి షిఫ్టువారు మూడున్నరకల్లా టెర్మినల్ దగ్గర దిగాలి. సరుకు విభాగం గేటు టెర్మినల్‌కు మూడు కిలోమీటర్ల అవతల ఉంటుంది, అక్కడికి వెళ్లేవారిని కూడా మరిచిపోకండి. మీ పత్రం తయారయ్యాక ఇక్కడ పెట్టండి, మా యూనియన్ తరఫున కూడా అదే పద్ధతిలో మా ఊళ్లో ఒకటి ఇస్తాం.