కాశీలో తొమ్మిది నిద్రలు: గంగ ఒడ్డున పాత ఇంట్లో గది ఎలా చూసుకోవాలి?

మలక్‌పేట_శర్మ:
డిసెంబర్‌లో అమ్మానాన్నలు కాశీలో తొమ్మిది నిద్రలు చేస్తామంటున్నారు. కేదార్ ఘాట్ పక్కన ఒక కుటుంబం నడిపే పాత హవేలీలో గది ఉందన్నారు. నాన్నకు మోకాళ్ల నొప్పి. అడ్వాన్స్ పంపేముందు ఏం అడగాలి?

తార్నాక_రావు:
మెట్లు. అందరూ "గంగ కనిపిస్తుందా" అని అడుగుతారు. కనిపిస్తుంది సరే, దిగేదెలా? రెండు లెక్కలు విడిగా అడగండి: ఆటో ఆగేచోటి నుంచి గదికి ఎన్ని మెట్లు, గది నుంచి నీళ్లకు ఎన్ని. కేదార్ ఘాట్ బాగా నిటారు. లోపలి మెట్లు ఇంకా కష్టం: ఎత్తెక్కువ, వెడల్పు తక్కువ, మలుపులో పాదం సగమే ఆనుతుంది. ఫొటోలు వద్దు, రోడ్డు నుంచి మంచం దాకా నడుస్తూ వీడియో తీసి వాట్సాప్‌లో పంపమనండి. అందులోనే బాత్రూం గడప ఎత్తు, కమోడ్ పక్కన పట్టుకోడానికి ఏమైనా ఉందా, అన్నీ తెలిసిపోతాయి.

సీతాఫల్‌మండి_అక్క:
హరిశ్చంద్ర ఘాట్ అక్కడికి దగ్గరే, చితి పొగ వస్తుంది. పెద్దవాళ్లకు ఆయాసముంటే నది వైపు కిటికీ గది వద్దు. కోతుల గొడవ సరేసరి: కిటికీకి ఇనుప జాలీ లేకపోతే అరటిపళ్లే కాదు, మందుల సంచీ కూడా పోతుంది. తడిబట్టలు మేడమీద కాదు, లోపలి వసారాలో ఆరేయండి.

వనస్థలిపురం_ఎలక్ట్రికల్:
కెటిల్ తీసుకెళ్తారు కదా, 1500 వాట్లది 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. పాత ఇళ్లలో మంచం పక్క సాకెట్ 5 ఆంపియర్లదే ఉంటుంది. పెడితే ఫ్యూజ్ పోతుంది, పోకపోతే వైరు వేడెక్కుతుంది, అది ఇంకా ప్రమాదం. గీజర్‌కున్న 15 ఆంపియర్ల ప్లగ్గే వాడండి, గీజర్ తీసేసి.

తార్నాక_రావు:
ఇంకొకటి, గేటు. ఇంటివాళ్లు రాత్రి తాళమేసి పడుకుంటారు. విశ్వనాథుడి మంగళ హారతి తెల్లవారుజామున 3 గంటలకు, కాబట్టి తాళం ఎవరు తీస్తారో ముందు రాత్రే మాట్లాడుకోవాలి. సెల్‌ఫోన్లు గుళ్లోకి రానివ్వరు, గదిలోనే పెట్టి వెళ్లండి. భోజనంలో మామూలుగా రొట్టెలే, అన్నం కావాలంటే పొద్దున్నే చెప్పాలి.

మలక్‌పేట_శర్మ:
అడిగాను. పై గదికి లోపల 31 మెట్లట. కింద గది ఖాళీయే, కానీ గోడకు తేమ ఉందన్నారు.

చిక్కడపల్లి_మేస్త్రి:
నిజం చెప్పారు, మంచివాళ్లే. తేమ ఏ రకమో చూడండి. సున్నం గోడైతే తేమ బయటికొచ్చి ఆరుతుంది, చెయ్యి పెడితే పొడి రాలుతుంది, అంతే. దానిమీద సిమెంటు పూసి ఆయిల్ పెయింట్ కొట్టి ఉంటే తేమ లోపలే నిలిచి పొక్కులు లేస్తాయి, బూజు వాసన పోదు. గోడ కింది భాగం రెండడుగుల మేర దగ్గరగా ఫొటో అడగండి. పొక్కుల్లేకపోతే కింద గదే తీసుకుని మంచం గోడకు జానెడు దూరం జరపండి. అదే ఆగస్టులో అయితే కింద గది పేరెత్తొద్దు. 1978 వరదలో నీటిమట్టం 73.9 మీటర్లకు వెళ్లింది, అక్కడ ప్రమాద స్థాయి 71.26.

సీతాఫల్‌మండి_అక్క:
శర్మగారూ, గది పది రాత్రులకు తీసుకోండి. డిసెంబర్ పొగమంచుకు రైళ్లు ఆరేడు గంటలు ఆలస్యమవుతాయి. మొఘల్‌సరాయ్‌లో (ఇప్పుడు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్) దిగేసరికే అర్ధరాత్రి దాటితే ఆ నిద్ర లెక్కలోకి రాదంటారు పెద్దవాళ్లు.