కాసిమేడులో కొన్న ఈ బల్లి మూతి చేప, అండమాన్ రీఫ్ మీద కనిపించేదీ ఒకటేనా?

వేళచేరి_వాన:

అందరికీ నమస్తే. చెన్నైలో ఉండే మనవాళ్ళలో చేపల గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మొన్న ఆదివారం తెల్లారేసరికి కాసిమేడు చేపల రేవుకి వెళ్ళాం, వంజరం రేటు మనకి అందేలా లేదు, పక్క గంపలో పొడుగ్గా రూళ్ళకర్రలా ఉన్న చేపలు చవగ్గా ఉంటే అవి తీసుకున్నాం. అమ్మే ఆవిడ తుంబిలి అంది. పైన గోధుమ రంగు, కింద తెలుపు, తల మాత్రం అచ్చం బల్లి తల, నోరు కళ్ళు దాటి వెనక్కి చీలి ఉంది, నోరు మూసినా సూదుల్లాంటి పళ్ళు బయటికి కనిపిస్తూనే ఉన్నాయి. కడుగుతుంటే ఒకదాని పొట్టలో ఇంకో చేప ముక్క కూడా కాకుండా మొత్తంగా ఉంది, మా పాప అది చూసి ఒకటే ప్రశ్నలు.

గూగుల్‌లో లిజార్డ్ ఫిష్ అని కొడితే మూడు రకాలు వస్తున్నాయి. ఒకటి నేను కొన్నది. ఇంకోటి పగడాల మీద ఎర్ర మచ్చలతో కూర్చున్నది, మా బావమరిది అండమాన్‌లో డైవింగ్‌కి వెళ్ళినప్పుడు తీసిన ఫోటోలో కూడా అదే ఉంది. మూడోది చీకట్లో సముద్రం అడుగున పడుకున్న తెల్లటి దెయ్యం లాంటిది, వీడియోలో. ఈ మూడూ ఒకటేనా? మనం కొన్నది చెన్నై సముద్రంలో ఎక్కడ బతుకుతుంది, ఒడ్డు దగ్గరా లోతులోనా? తినొచ్చు కదా, ముళ్ళు చాలా ఉన్నాయి.

ఉప్పుటేరు:

వాన గారూ, మీరు కొన్నది దాదాపు ఖాయంగా సౌరిడా. నోరు మూసినా పళ్ళు బయటికి కనిపిస్తున్నాయి అన్నారు చూడండి, అదే పెద్ద గుర్తు. నేను ఫిషరీస్ చదువుకున్నాను, ఈ చేప అంటే నాకు చాలా ఇష్టం, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

ముందు ఈ కుటుంబం సంగతి. సైనోడాంటిడే అంటారు, ఇందులో నాలుగు జాతులు ఉన్నాయి. సైనోడస్ (నలభైకి పైగా రకాలు, ఎక్కువగా పగడపు దిబ్బలు, రాళ్ళు, వాటి పక్క ఇసక), సౌరిడా (ఇరవైకి పైగా రకాలు, ఎక్కువగా ఒండ్రు, ఇసక నేలలు), ట్రాకినోసెఫాలస్ (మూతి మొండిగా ఉంటుంది, ఒళ్ళంతా ఇసకలో కప్పెట్టుకుని కళ్ళు మాత్రం బయట పెడుతుంది), నాలుగోది హార్పడాన్. ఈ నాలుగోది మీకు తెలిసినదే, వానమట్ట! ముంబైవాళ్ళు బొంబిల్ అంటారు, బాంబే డక్ అంటే అదే. సౌరిడాకి రీఫ్ మీద కూర్చునే సైనోడస్ కంటే మెత్తటి వానమట్టే దగ్గర చుట్టం, రెండింటినీ ఒకే ఉపకుటుంబంలో పెడతారు. మూతులు చూసి పోల్చుకుంటే ఎవరికీ తట్టదు ఇది.

చెన్నై గంపల్లో ఎక్కువ వచ్చేవి రెండు. సౌరిడా టుంబిల్, ఇది పెద్దది, అరవై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. రెండోది సౌరిడా ఉండోస్క్వామిస్ అని మనవాళ్ళు రాసుకునేది, దీని తోక పై అంచు మీద చిన్న చిన్న నల్ల చుక్కలు వరసగా ఉంటాయి, టుంబిల్‌కి ఉండవు. టుంబిల్‌ని 1795లో బ్లాక్ అనే జర్మన్ ఆయన వర్ణించాడు, అప్పుడు సాల్మన్ జాతిలో పెట్టాడు, ఎందుకంటే వీపు మీద తోకకి దగ్గరగా సాల్మన్‌కి ఉన్నట్టే ముల్లు లేని చిన్న కండ రెక్క ఒకటి ఉంటుంది. ఈసారి కొన్నప్పుడు చూడండి, వేలి గోరంత ఉంటుంది.

ఎక్కడ బతుకుతుంది అంటే, టుంబిల్ ఎక్కువగా పది నుంచి అరవై మీటర్ల లోతులో, ఇంకా లోతుల్లో కూడా దొరికిన రికార్డులున్నాయి. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా నుంచి మన తీరం మీదుగా జపాన్, ఆస్ట్రేలియా దాకా ఉంది. దానికి కావాల్సింది మెత్తటి నేల. మన తూర్పు తీరంలో గోదావరి, కృష్ణ తెచ్చి పోసే ఒండ్రు ఎంత ఉందో తెలుసు కదా, కాబట్టి విశాఖ, కాకినాడ నుంచి ఇటు చెన్నై దాకా దీనికి చోటుకి కొదవ లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం, వీటికి గాలి తిత్తి ఉండదు. మామూలుగా చేపలు ఆ తిత్తితో నీళ్ళ మధ్యలో తేలుతూ నిలబడతాయి. ఇవి ఈదడం ఆపితే కిందకి దిగిపోతాయి, అందుకే బతుకంతా నేల మీదే. పొట్ట కింది రెక్కల మీద ఆనుకుని తల కొంచెం పైకెత్తి కదలకుండా ఉండి, పైనుంచి చిన్న చేప వెళ్తే ఒక్క దూకు దూకి పట్టి అలాగే మింగేస్తుంది. నాలుక మీద కూడా పళ్ళుంటాయి, లోపలికి వాలే పళ్ళు, కాబట్టి దొరికింది వెనక్కి జారి పోలేదు. మీ పాప చూసిన మొత్తం చేప సంగతి అదే, నమలడం దీనికి లేదు.

అల_కింద:

డైవింగ్ ఫోటో గురించి నేను చెప్తా. నాది టీ నగర్, శీతాకాలం సెలవులకి అండమాన్ వెళ్తుంటా. మీ బావమరిది తీసినది సైనోడస్ అయ్యుంటుంది, బహుశా వేరియగాటస్, ఎర్ర గోధుమ పట్టీలు ఉంటే అదే అనుకోవచ్చు, కానీ ఫోటో చూడకుండా రకం పేరు గట్టిగా చెప్పలేం ఎందుకంటే దగ్గరి పోలిక ఉన్న రకాలు చాలా ఉన్నాయి. స్వరాజ్ ద్వీప్ దగ్గర రీఫ్‌ల మీద ఇవి బాగా కనిపిస్తాయి. గట్టి పగడం నెత్తి మీద కూర్చుంటాయి, చాలాసార్లు రెండేసి. మనం మెల్లగా వెళ్తే చెయ్యి చాచేంత దగ్గరికి రానిస్తాయి, తన రంగు రాయిలో కలిసిపోయిందని దానికి అంత ధీమా. కొత్త డైవర్లు పక్కనుంచే దాటిపోతారు చూడకుండా.

నాకు నచ్చేది ఏంటంటే అది చూపు తిప్పే తీరు. ఒళ్ళు రాయిలా ఉంటుంది, కన్ను మాత్రం పైన తిరిగే చిన్న చేపల గుంపుని వెంటాడుతుంటుంది. అదే రీఫ్ పక్కన ఇసక మీదికి వస్తే అక్కడ ఇంకో రకం, ఇసకలో సగం కూరుకుని. ఒకే డైవ్‌లో నాలుగు అడుగులు జరిగితే రకం మారిపోతుంది అంటే ఎవరి చోటు వాళ్ళు ఎంత కచ్చితంగా పంచుకున్నారో చూడండి.

ఉప్పుటేరు గారూ, చెన్నై గంపల్లో సైనోడస్ ఎందుకు కనపడదు? మన్నార్ సింధుశాఖలో పగడాలు ఉన్నాయి కదా.

ఉప్పుటేరు:

మంచి ప్రశ్న. అసలు కనపడదు అని కాదు, అప్పుడప్పుడు వస్తుంది, కానీ తక్కువ. కారణం వల. ట్రాల్ వల అడుగున ఈడ్చుకుంటూ పోతుంది, రాళ్ళు పగడాలు ఉన్న చోట వేస్తే వల చిరుగుతుంది కాబట్టి బోటువాళ్ళు మెత్తటి నేల చూసుకునే వేస్తారు. సౌరిడా ఉండేది సరిగ్గా అక్కడే. అంటే మనం గంపలో చూసేది సముద్రంలో ఏముందో కాదు, వల వెళ్ళగలిగిన చోట ఏముందో. చేపల గురించి మాట్లాడేటప్పుడు ఇది మర్చిపోతే చాలా తప్పు లెక్కలు వేస్తాం.

ఇంకో తేడా, ఇంట్లోనే చూడొచ్చు. పొట్ట కింది రెక్కలో ఈనెలు లెక్కపెట్టండి. సౌరిడాకి తొమ్మిది, అన్నీ ఇంచుమించు ఒకే పొడుగు. సైనోడస్‌కి ఎనిమిది, లోపలివి బయటివాటి కంటే బాగా పొడుగు.

బారువ_బోటు:

నమస్తే అండి, మాది శ్రీకాకుళం జిల్లా, మా నాన్న కాలం నుంచి చెన్నై బోట్ల మీద పని, ఇప్పుడు నేను రాయపురంలో ఉంటన్నాను. పై అన్న సెప్పింది నిజమే, రాయి ఉన్న కాడికి మావోళ్ళు పోరు, డ్రైవర్‌కి ఏ కాడ రాయి ఉందో జీపీఎస్‌లో గుర్తులుంటాయి, వల పోతే ఆ ట్రిప్పు డబ్బు మొత్తం పోయినట్టే కదా.

ఈ సేప వలలో బాగానే పడతాది, రొయ్య కోసం ఏసినప్పుడు ఎక్కువ. ఒకప్పుడు దీన్ని ఎవడూ పట్టించుకునేవోడు కాదు, ఎండబెట్టడానికో కోళ్ళ మేతకో పోయేది. ఇప్పుడు కంపెనీవోళ్ళు కొంటన్నారు, పెద్దవి ఏరి ఐసులో పెట్టాలి. ఇంకో మాట, లోతు నుంచి వల లాగితే కలవ లాంటి సేపలు పొట్ట ఉబ్బి కళ్ళు బయటికొచ్చి వస్తాయి, ఇది మాత్రం ఎలా ఉన్నది అలాగే వస్తాది, కొన్ని డెక్కు మీద కూడా కరుస్తాయి, గ్లవ్స్ లేకుండా పట్టకండి. గాలి తిత్తి లేదని ఉప్పుటేరు అన్న రాశాక కారణం తెలిసింది.

బాధేటంటే పిల్ల సేపలు కూడా అలాగే వచ్చేస్తన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో ట్రాలర్లు ఆగుతాయి, ఆ 61 రోజులు మాకు కష్టమే, కానీ సముద్రానికి ఆ ఊపిరి కావాలి, నేను ఎవరి ముందైనా ఇదే సెప్తాను. వల కన్ను పెద్దది ఎయ్యమంటే మాత్రం వినేవోళ్ళు తక్కువ.

వేళచేరి_వాన:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఈనెలు తొమ్మిదే, ఫ్రిజ్‌లో ఒకటి మిగిలి ఉంటే ఇప్పుడే లెక్కపెట్టాం. తోక మీద చుక్కలు లేవు. మరి ఆ మూడోది, చీకట్లో ఉండేది? ఫ్రిజ్‌లో ఉన్నదాన్ని ఇంకా ఎన్నాళ్ళు ఉంచొచ్చు?

ఉప్పుటేరు:

చుక్కలు లేకపోతే టుంబిల్ అనుకోవచ్చు.

మూడోది బాథీసారస్. దాన్ని కూడా డీప్ సీ లిజార్డ్ ఫిష్ అంటారు కానీ కుటుంబమే వేరు, బాథీసారిడే. దూరపు బంధుత్వం ఉంది, ఇద్దరూ ఆలోపిఫార్మిస్ అనే ఒకే పెద్ద క్రమంలోవాళ్ళు. బాథీసారస్ ఫెరాక్స్ సుమారు 600 నుంచి 3500 మీటర్ల లోతులో ఉంటుంది, మాలిస్ అనే ఇంకోటి అంతకంటే కిందకి కూడా పోతుంది. వెయ్యి మీటర్లు దాటాక సూర్యుడి వెలుగు అన్నదే లేదు, నీళ్ళు మూడు నాలుగు డిగ్రీలు, తిండి చాలా తక్కువ. అక్కడ తోటి చేప ఎదురుపడటమే అరుదు, కాబట్టి ప్రతి చేపలోనూ ఆడ మగ రెండు అవయవాలూ ఉంటాయి, ఏ ఇద్దరు కలిసినా సంతానానికి అవకాశం ఉంటుంది. మన సౌరిడాకి ఆ అవసరం లేదు, ఆడది వేరు, మగది వేరు. నేల మీద పడుకుని కాపు కాసే పద్ధతి మాత్రం ముప్పై మీటర్ల దగ్గరా మూడు వేల మీటర్ల దగ్గరా ఒకటే, నాకు ఈ విషయం ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు పులకరిస్తుంది.

చోటు గురించి ఇంకొకటి చెప్పాలి. 1869లో సూయజ్ కాలువ తెరిచారు కదా, ఎర్ర సముద్రపు సౌరిడా ఒకటి దాని గుండా మధ్యధరా సముద్రంలోకి వెళ్ళింది. 1950ల మొదట్లో అక్కడ కనిపించింది, కొన్నేళ్ళలోనే ఇజ్రాయెల్ ట్రాలర్లకి ముఖ్యమైన చేపల్లో ఒకటైపోయింది, అక్కడ అంతకుముందు నుంచి ఉన్న హేక్ చేప లోతుకి, చల్లటి నీళ్ళలోకి జరగాల్సి వచ్చింది. తూర్పు మధ్యధరా నీళ్ళు వెచ్చగా, ఉప్పగా ఉంటాయి, దీనికి పుట్టిల్లు లాంటివే. చాలా ఏళ్ళు దాన్ని ఉండోస్క్వామిస్ అనే అనుకున్నారు, 2015లో అది వేరే రకం అని తేల్చి సౌరిడా లెసెప్సియానస్ అని పెట్టారు, ఆ కాలువ తవ్వించిన లెసెప్స్ పేరు మీద. గంపలో పది రూపాయలకి కూడా బేరమాడే చేప, దారి దొరికితే ఒక సముద్రం లెక్కల్నే మార్చేసింది.

ఫ్రిజ్ సంగతి నెల్లూరు గారు చెప్తారేమో, ఆవిడ ఆన్‌లైన్‌లో ఉన్నారు.

నెల్లూరు_పులుసు:

వాన గారూ, ఈ చేప అదే రోజు వండెయ్యాలమ్మా. రెండు మూడు రోజులైతే కండ పీచు పీచుగా గట్టిపడిపోతుంది, డీప్ ఫ్రీజర్‌లో పెడితే ఇంకా ఘోరం. మా అబ్బాయి ఫుడ్ టెక్నాలజీ చదివాడు, వాడు చెప్పిన కారణం, ఈ జాతి చేపల కండలో ఉండే ఒక పదార్థం నిలవ ఉంచినకొద్దీ దానంతట అదే విడిపోయి ఫార్మాల్డిహైడ్ అవుతుందిట, దాంతో మాంసకృత్తులు బిగుసుకుపోతాయి. వానమట్టలోనూ ఇంతే. 2018లో ఇక్కడా కేరళలోనూ చేపలు పాడవకుండా ఫార్మాలిన్ (ఫార్మాల్డిహైడ్ కలిసిన నీళ్ళు) కలుపుతున్నారని గొడవ అయింది కదా, అప్పుడు వాడు చెప్పాడు, ఈ రకాల్లో కొంత సహజంగానే ఉంటుంది, టెస్ట్ పట్టీ రంగు మారినంత మాత్రాన అమ్మేవాళ్ళు కలిపారని అనేయకూడదు అని. జపాన్‌లో కామాబోకో అని చేపముద్ద చేస్తారు, దానికి ఈ చేప పెట్టింది పేరు, కానీ చాలా తాజాగా ఉండాలి. మనవాళ్ళు కూడా సురిమి, అంటే చేప కండ ముద్ద, చేసి పంపిస్తారు, బారువ తమ్ముడు చెప్పిన కంపెనీలు అవే అయ్యుంటాయి.

ముళ్ళు ఉన్నాయి కాబట్టి ముక్కల పులుసు వద్దు. తల, పొట్ట తీసేసి ఆవిరి మీద అయిదు నిమిషాలు ఉడికించి, చల్లారాక వేళ్ళతో కండ విడదీస్తే ముళ్ళు వెన్ను వెంటే వచ్చేస్తాయి, మిగిలిన సన్నవి తడిమి తీసెయ్యాలి. ఆ కండలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు, మిరియాలు వేసి పుట్టులా పొడిపొడిగా వేయించండి, చెన్నైవాళ్ళు సొరచేపతో పుట్టు చేసినట్టే. పొట్ట తీసేటప్పుడు లోపల చుట్టలు చుట్టుకున్న సన్నటి పురుగులు కనిపించొచ్చు, సముద్రపు చేపల్లో అది మామూలే, శుభ్రంగా తీసేసి బాగా ఉడికిస్తే భయం లేదు, పచ్చిగా మాత్రం ఎవరూ తినకండి.

అల_కింద:

వాన గారూ, ఈసారి కొంటే తోక పై అంచు, పొట్ట రెక్క, మూతి పక్కనుంచి మూడు ఫోటోలు తీసి ఇక్కడే పెట్టండి, మీ బావమరిది ఫోటో కూడా. బారువ అన్నా, రొయ్య వలలో మొండి మూతి ఉండి ఒంటి మీద నీలం, పసుపు గీతలున్నది ఏదైనా పడితే ఫోటో తప్పకుండా తియ్యండి, అది ట్రాకినోసెఫాలస్. 2016 దాకా దాన్ని ప్రపంచమంతా ఒకటే రకం అనుకున్నారు, ఆ తర్వాత అట్లాంటిక్‌ది వేరు, మన వైపుది వేరు అని విడదీశారు.

బారువ_బోటు:

గీతలున్నది చూసినాను అన్నా, తక్కువ పడతాది. వచ్చే వారం బోటు ఎక్కుతున్నాను, పడితే ఐసులో ఎయ్యక ముందే ఫోటో తీస్తాను, రంగు తొందరగా పోతాది దానికి.