సమస్య: “కోడి కాని కోడి కూసె రేయి”

ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. యతి కో–కూ. నియమం ఒకటే: ఆ కోడి కలివికోడే కావాలి.

కలివి అంటే వాక్కాయకు చుట్టమైన ముళ్లపొద. చిన్న నల్లటి పండ్లు కాస్తుంది. కడప జిల్లాలో పెరిగినవారికి ఆ రుచి చెప్పక్కర్లేదు. ఆ పొదల మధ్య మసలే పిట్ట కనుక కలివికోడి. 1848లో జెర్డన్ దొర లోకానికి చెప్పాడని పుస్తకాల్లో జెర్డన్స్ కోర్సర్ అంటారు. కోర్సర్ అంటే పరుగెత్తేది. ఆ పేరులో చూసిన దొర ఉన్నాడు, మన పేరులో పిట్ట కాపురముండే పొద ఉంది. నాకు మన పేరే ముద్దు.

పెన్నగట్టు:
కలివి పొదల చాటు కడప యడవియందు
పగలు దాగి మాపు బయలుదేరు
పరుగుపులుగు, పేరు పల్లెవా రిడినట్టి
కోడి కాని కోడి కూసె రేయి

సంచాలకుడు: ‘పరుగుపులుగు’ దగ్గర ఆగిపోయాను. కోర్సర్‌కు ఇంత చక్కని తెలుగు నేనెక్కడా చూడలేదు. పగలు పొదల్లో నక్కి ఉండి పొద్దుగూకాక తిరిగే పిట్ట కనుక రెండో పాదం అక్షరాలా నిజం. ‘ఇడినట్టి’లో ‘అట్టి’ మాత్రం గణం కోసం వచ్చింది, వీలైతే తప్పించండి.

వాక్కాయ:
లేదు లేదటంచు లెక్క గట్టిరి దొరల్
ఎనుబదారు యేండ్లు యెదురు చూచి
నేడు రెడ్డిపల్లి నీడలో నెలుగెత్తి
కోడి కాని కోడి కూసె రేయి

సంచాలకుడు: వాక్కాయ గారూ, భావం గొప్పది. 1900 తర్వాత మళ్లీ 1986 జనవరిలోనే కదా కనబడింది! శాస్త్రవేత్తలు వెదుకుతుంటే రెడ్డిపల్లిలో పిట్టలు పట్టే ఐతన్న చేతికి చిక్కింది. మీ లెక్క సరిపోయింది కానీ రెండో పాదం నిలవదు. ఉత్తుకు (పదం చివరి ఉకారానికి) అచ్చు పరమైతే సంధి నిత్యం. ఆరు+ఏండ్లు ‘ఆరేండ్లు’ అవుతుంది తప్ప యడాగమం రాదు. ఏండ్లు+ఎదురు కూడా అంతే. పైగా అన్వయంలో కోడే ఎదురుచూసినట్టుంది.

వాక్కాయ: నిజమేనండీ, చూసుకోలేదు. సవరణ: “పదులెనిమిది యేండ్లు పలుకు లేక”.

సంచాలకుడు: ఇప్పుడు పద్యం కుదిరింది! ఇత్తుకు (చివరి ఇకారానికి) సంధి వైకల్పికం కనుక ‘ఎనిమిది యేండ్లు’ నిర్దోషం. ఆరేళ్లు తగ్గినా నష్టం లేదు. ‘పలుకు లేక’ అన్నాక ‘ఎలుగెత్తి’కి బలమొచ్చింది.

పెన్నగట్టు: నాదో సందేహం. ఇది కోడి జాతి కానే కాదు, ఉల్లంకి పిట్టలకు దగ్గరిది. మరి పెద్దలు కోడి అని ఎందుకన్నట్టు?

సంచాలకుడు: నీటికోడి కూడా కోడి జాతి కాదుగా. నేలమీద నడుస్తూ ఏరుకుతినే పిట్టను మనవాళ్లు చనువుగా కోడి అనేశారని నా అభిప్రాయం. సమస్యలోని ‘కోడి కాని కోడి’ ఆ వాడుక నుంచే పుట్టింది.

ఇసుకదారి: దానికి కాలిగుర్తే సాక్ష్యం.
మూడు వేళ్ల గుర్తు ముద్రించె నిసుకలో
వెనుక వేలు లేదు, వెదకి చూడ
మాటు వేసి వినిన మనవారి చెవిలోన
కోడి కాని కోడి కూసె రేయి

సంచాలకుడు: కోడికి వెనక వేలుంటుంది, దీనికి లేదు. ముందుకు చాచిన మూడు వేళ్లే. కడప జిల్లాలోని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలో నేలమీద మెత్తటి మట్టి పరిచి, తెల్లారి వచ్చి ఆ గుర్తుల కోసమే వెదికేవారు. తెలుగుగంగ కాలువనే పక్కకు తిప్పించిన పిట్ట జాడ ఆ మూడు గీతల్లో ఉంది. మీరు సమస్యను వర్ణనతో కాక ఆధారంతో విప్పారు. యతులన్నీ సరిపోయాయి, ఒక్క అక్షరం కూడా కదపను.

వాక్కాయ: ‘చెవిలోన కూసె’ చదివి ఒళ్లు జలదరించింది ఇసుకదారి గారూ. మీరెప్పుడైనా విన్నారా?

ఇసుకదారి: లేదండీ. లంకమల కింద రెండు రాత్రులు కూర్చున్నాను. కలివి ముల్లు గీసిన గీత మాత్రం మోచేతిమీద ఇంకా ఉంది.