డ్యురాండ్ ఫైనల్లో పది మందితో ఆడి ఎట్లా గెలిచారు? అసలు ఈ కోల్‌కతా డెర్బీతో మనకేం సంబంధం?

మిల్లు_మిడ్‌ఫీల్డర్ (మిర్యాలగూడ)

అందరికీ నమస్తే. నేను రైస్‌మిల్లులో లెక్కలు చూస్తాను, సాయంత్రం పూట మా కాలనీ పిల్లలతో ఫుట్‌బాల్ ఆడిస్తాను. మా మిల్లులో బెంగాల్ నుంచి వచ్చిన పనివాళ్లు చాలామంది ఉన్నారు, అందులో ఇద్దరు ఉన్నారు చూడండి, ఒకాయన ఈస్ట్ బెంగాల్ అభిమాని, ఇంకొకాయన మోహన్ బగాన్ అభిమాని (రెండూ కోల్‌కతా క్లబ్బులే, వాటి మధ్య మ్యాచ్‌నే డెర్బీ అంటారు), మామూలుగా ఒకే పళ్లెంలో తింటారు కానీ ఫుట్‌బాల్ మాట వస్తే మొఖాలు తిప్పుకుంటారు. మొన్న వాళ్లతో కూర్చుని ఆ రెండు జట్లు ఆడిన 2023 డ్యురాండ్ కప్ ఫైనల్ మొత్తం ఫోన్‌లో చూశాను. సాల్ట్ లేక్ స్టేడియం, సెప్టెంబర్ 3. మోహన్ బగాన్ 62వ నిమిషంలో రెడ్ కార్డుతో ఒక ఆటగాణ్ని పోగొట్టుకుంది, 71లో గోల్ కొట్టింది, 1-0తో కప్పు తీసుకుపోయింది.

నా డౌట్లు రెండు. ఒకటి, ఇది అదృష్టమా, లేక పది మందితో ఆడేటప్పుడు నిజంగా ఏదైనా పద్ధతి ఉంటుందా? పిల్లలకు చెప్పాలి, అందుకే అడుగుతున్నా. రెండు, మా బావమరిది "వాళ్ల ఊరి కొట్లాట మనకెందుకు, ఉప్పల్‌లో మ్యాచ్ ఉంటే చెప్పు" అంటాడు. వాడికి ఏం జవాబు చెప్పాలి?

దేవరకొండ_డిఫెన్స్

అదృష్టం ఒక పావు వంతు ఉంటుంది అన్నా, మిగతాది కాదు.

ముందు రెడ్ కార్డు సంగతి. బగాన్ ఆటగాడు అనిరుధ్ థాపాకు అప్పటికే ఒక యెల్లో కార్డు ఉంది, తర్వాత కాలు మరీ పైకెత్తి ఈస్ట్ బెంగాల్ ఆటగాడు సివేరియో మొఖం మీదికి పోయాడు, రెండో యెల్లో, బయటికి. (ఈ సివేరియో 2022లో ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్, గెలిచిన మన హైదరాబాద్ జట్టులో ఉన్నవాడే, మీ బావమరిదికి ఇది చెప్పు.) అక్కడి నుంచి అందరూ బగాన్ పని అయిపోయింది అనుకున్నారు. నా లెక్కలో ఆ కార్డుతో ఎక్కువ ఇబ్బంది పడింది ఈస్ట్ బెంగాల్. ఎందుకంటే అదే టోర్నీలో ఆగస్టు 12న లీగ్ దశలో ఇదే రెండు జట్లు ఆడినప్పుడు ఈస్ట్ బెంగాల్ 1-0తో గెలిచింది, నందకుమార్ గోల్. ఆ రోజు వాళ్లు ఓపికగా కాచుకుని, సందు దొరికినప్పుడు కొట్టారు. వాళ్ల కోచ్ క్వాద్రాత్‌కు అలవాటైన ఆట అది. ఫైనల్లో ఎదుటివాళ్లు పది మంది అయ్యేసరికి ఇక మీరే దాడి చేయాలి అనే పరిస్థితి వచ్చింది, స్టేడియం మొత్తం అదే అరుస్తుంది, జట్టు జట్టంతా ముందుకు జరిగింది, వెనక మైదానం ఖాళీ అయింది. బగాన్ ఆటగాడు పెట్రాటోస్‌కు కావలసింది అదే. బంతి తీసుకుని ఉరికాడు, ఎవడూ గట్టిగా అడ్డు రాలేదు, బాక్స్ బయట నుంచే ఎడమ కాలితో కొట్టాడు, గోలీ గిల్‌కు అందలేదు.

పిల్లలకు చెప్పాలంటే ఇట్లా చెప్పు. పది మంది అయితే వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఒక్కడు. ఆ ఒక్కడు మీ జట్టులో అందరికన్నా స్పీడుగా ఉరికేవాడు కావాలి, వాణ్ని డిఫెన్స్‌కు పిలవొద్దు, ఎంత కష్టమైనా వాడు పైననే ఉండాలి. వాడు అక్కడ ఉన్నంత సేపు ఎదుటివాళ్లు ఇద్దరిని వెనక ఆపుకోవాలి, అప్పుడు లెక్క సమానం అయినట్టే. ఇక పదకొండు మంది ఉన్న జట్టు చేయాల్సింది, బంతిని అటు చివరి నుంచి ఇటు చివరికి తిప్పుతూ వాళ్లను ఉరికించి అలసిపోయేలా చేయడం. మధ్యలో నుంచి దూరుదామని చూస్తే వాళ్లకే సుఖం.

నకిరేకల్_ఎరుపు_పసుపు

ఇంత పెద్ద లెక్కలు ఏం లేవు. ఒక్క షాట్, మంచి షాట్, ఒప్పుకుంటా. అది పోకపోతే పెనాల్టీలకు పోయేది, అక్కడ మా ఈస్ట్ బెంగాలే గెలిచేది. సెమీస్‌లో నార్త్ఈస్ట్ యునైటెడ్ మీద 0-2తో వెనకబడి, ఆఖరి క్షణంలో నందకుమార్ సమం చేసి, పెనాల్టీలలో గెలిచి వచ్చిన జట్టు ఇది. అంత ఉరికిన తర్వాత కాళ్లలో ఏం మిగులుతుంది?

దేవరకొండ_డిఫెన్స్

తమ్మీ, అలసట మాట ఎత్తకు. మీ సెమీస్ ఆగస్టు 29న అయింది, బగాన్ 31న గోవాతో ఆడి 2-1తో గెలిచింది. రెండు రోజుల రెస్ట్ ఎక్కువ దొరికింది ఎవరికి?

నకిరేకల్_ఎరుపు_పసుపు

సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. పెనాల్టీల మాట మాత్రం తీసుకోను.

పాలమూరు_పాత_అభిమాని (మహబూబ్‌నగర్)

రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీ బావమరిదికి చెప్పండి, ఆ డెర్బీని సగం మన హైదరాబాదోళ్లే ఆడారని. అతిశయోక్తి అనిపిస్తే పేర్లు చూసుకోండి. తులసీదాస్ బలరాం, సికింద్రాబాద్ పిల్లాడు, పేదింటి నుంచి వచ్చి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన జట్టులో ఆడాడు, తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు పోయి అక్కడి వాళ్లకు దేవుడయ్యాడు. నయీముద్దీన్ మనోడే, 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్. విక్టర్ అమల్‌రాజ్ ఇక్కడి నుంచి పోయినవాడే.

ఇక హబీబ్. మహ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కు, మోహన్ బగాన్‌కు, మహమ్మదన్ స్పోర్టింగ్‌కు, మూడింటికీ ఆడాడు, మూడు చోట్లా జనం నెత్తిన పెట్టుకున్నారు. 1977లో పీలే న్యూయార్క్ కాస్మాస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసింది, అందులో ఒక గోల్ హబీబ్‌దే. పీలే ఉన్న జట్టు మీద గోల్ కొట్టినవాడు మన గల్లీల నుంచి పోయినవాడు, ఆ సంగతి ఇక్కడ ఎంతమందికి తెలుసు? ఆయన తమ్ముడు అక్బర్ 1976లో బగాన్ తరఫున ఈస్ట్ బెంగాల్ మీద 17 సెకన్లలో గోల్ కొట్టాడు. జనం ఇంకా సీట్లలో సర్దుకుంటున్నారు, గోల్ అయిపోయింది. కోల్‌కతాలో అన్నను బడే మియా, తమ్ముణ్ని ఛోటే మియా అనేవాళ్లు.

మీరు చూసిన ఆ 2023 టోర్నీనే తీసుకోండి. లీగ్ డెర్బీ ఆగస్టు 12న, ఫైనల్ సెప్టెంబర్ 3న. ఆ రెండింటి మధ్యలో, ఆగస్టు 15న, హబీబ్ సాబ్ హైదరాబాద్‌లో చనిపోయారు. బలరాం అదే ఏడు ఫిబ్రవరిలో పోయారు. ఆ వార్తలకు ఇక్కడ ఎంత చోటు దొరికిందో నాకు బాగా గుర్తుంది, అందుకే చెబుతున్నా.

కప్పు సంగతి కూడా వినండి. డ్యురాండ్ కప్పు 1888లో సిమ్లాలో మొదలైంది, ఆసియాలోనే అన్నిటికన్నా పాతది. 2023 ఫైనల్‌తో మోహన్ బగాన్‌కు 17 కప్పులు అయ్యాయి, ఈస్ట్ బెంగాల్ 16 దగ్గర ఆగింది, అందుకే నకిరేకల్ తమ్ముడికి అంత మంట. కానీ ఈ కప్పును హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో గెలిచింది, ఎవరి మీద? మోహన్ బగాన్ మీద. ఆ జట్టును తయారు చేసింది సయ్యద్ అబ్దుల్ రహీం, మన రహీం సాబ్, 1951లోనూ 1962లోనూ ఇండియాకు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన కోచ్. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదుసార్లు ఎవరికీ ఇవ్వలేదు ఆ పోలీసోళ్లు. కోల్‌కతా క్లబ్బులు డబ్బు సంచులతో ఇక్కడికి వచ్చి పిల్లల్ని తీసుకుపోయేవంటే ఊరికే కాదు.

మిల్లు_మిడ్‌ఫీల్డర్

పెద్దాయనా, నమస్కారం. 17 సెకన్ల ముచ్చట మా బగాన్ ఆయనకు చెబితే, అక్బర్ హైదరాబాదీ అని తెలిసి మధ్యాహ్నం నాకు టీ తాగించాడు. ఈస్ట్ బెంగాల్ ఆయన బలరాం పేరు చెప్పగానే మెత్తబడ్డాడు. అన్నట్టు ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస చేప, బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకుంటారట, ఇక్కడ సాగర్ చేపలతో సరిపెట్టుకుంటున్నారు ఇద్దరూ.

ఇంకో చిన్న డౌట్. ఫైనల్ అయ్యాక మూడు కప్పులు ఇచ్చారు, ఎందుకు?

పాలమూరు_పాత_అభిమాని

ఒకటి డ్యురాండ్ కప్పు, ఒకటి సిమ్లా ట్రోఫీ, ఒకటి ప్రెసిడెంట్స్ కప్పు. మొదటి రెండూ తర్వాతి ఏడు తిరిగి ఇచ్చేయాలి, ప్రెసిడెంట్స్ కప్పు మాత్రం గెలిచినవాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

గడియారం_సెంటర్ (నల్గొండ)

చరిత్ర అంతా బాగానే ఉంది కాకా, ఇప్పటి మాట చెప్పండి. 2022లో గోవాలోని ఫటోర్డాలో గోలీ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి హైదరాబాద్‌కు ఐఎస్ఎల్ తెచ్చాడు. ఆ జట్టు ఇప్పుడు లేదు, ఢిల్లీకి పోయింది. 2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ (రాష్ట్రాల జట్ల పోటీ) ఫైనల్ చూద్దామని నల్గొండ నుంచి బస్సెక్కి పోయాను, బెంగాల్ ఆఖరి నిమిషాల్లో రోబీ హాన్స్‌దా గోల్‌తో కేరళను కొట్టింది. గ్రౌండ్‌లో మలయాళం, బెంగాలీ వినబడ్డాయి, తెలుగు వెతుక్కోవాల్సి వచ్చింది. హబీబ్ లాంటి పిల్లాడు ఇప్పుడు మన దగ్గర పుడితే ఆడటానికి గ్రౌండ్ ఏది? మా దగ్గర పిల్లలు ఫుట్‌బాల్ మొదలుపెట్టేసరికి వాకింగ్ వాళ్లు వచ్చి బంతి తగులుతుందని గొడవ.

దేవరకొండ_డిఫెన్స్

అది నిజమే అన్నా, అందుకే ఏడుగురితో చిన్న గ్రౌండ్‌లో ఆడించడం మంచిది. మిర్యాలగూడ అన్నా, మీ పిల్లలది సెవెన్స్ అయితే ఒకడు బయటికి పోయినప్పుడు గోలీ కాకుండా ఐదుగురు మిగులుతారు. వెనక ఇద్దరు, మధ్యలో ఇద్దరు, పైన ఒక్కడు. వచ్చే ఆదివారం ప్రాక్టీస్‌లో ఇరవై నిమిషాలు కావాలనే ఒకణ్ని తీసేసి ఆడించి చూడు.