భైరవకోన వెలుతురుకు సంగీతం: అనుభవజ్ఞుల సలహా కావాలి

ఆంధ్రప్రదేశ్‌లోని భైరవకోనలో, ఒకే కొండను తొలిచిన ఎనిమిది శివాలయాల ముందు సూర్యోదయ వేళ వాయించేందుకు రెండు వయొలిన్లు, వీణ, వేణువులకు ఒక రచన చేస్తున్నాను. నీలంగా ఉన్న రాయి ఎండ తగలగానే ఇటుక రంగుకు తిరగడం చూసి, భూపాల రాగంతో మొదలుపెట్టి మోహన రాగంలోకి సాగాలని నిశ్చయించుకున్నాను. షడ్జ పంచమాలు (స, ప) కదలకుండా రి, గ, ద మాత్రమే వీణ మీద ఒక్కొక్క మెట్టు పైకి జరుగుతాయి కనుక, రాయి అదే, రంగు వేరన్న భావం అందులో సహజంగా పలుకుతుందని నా నమ్మకం.

అయితే వానల తరువాత అక్కడి జలపాతపు హోరు వీణ మంద్రస్థాయిని (కింది స్వరాలను) పూర్తిగా మింగేస్తోంది. మైకులు పెట్టకుండా వాద్యకారులను ఎక్కడ కూర్చోబెట్టాలి? మూడు స్వరాలనూ ఒకేసారి మార్చాలా, రాయి మీదికి వెలుతురు దిగినట్టు ఒక్కొక్కటిగా మార్చాలా? ఎండకు తీగల శ్రుతి జారకుండా ఏం చేస్తారో కూడా, ఆరుబయట కచేరీలు చేసినవారు దయచేసి వివరంగా తెలుపగలరు.